వేపచెట్టు కింది సభ్యుడు

మా చర్చికి, మా మాటల్లో గుడికి, తొమ్మిది మెట్లు. ఒడిశాలోని పర్లాకిమిడిలో పాత గుడి కూల్చి కొత్తది కట్టినప్పుడు నిర్మాణ కమిటీలో నేనూ ఉన్నాను. పునాది ఎంత ఎత్తు లేపాలన్న చర్చ రెండు ఆదివారాలు నడిచింది. వాననీరు లోపలికి రాకూడదన్నారు, నిజమే. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతోందన్నారు, అదీ నిజమే. దేవుని మందిరం చుట్టుపక్కల ఇళ్ళకంటే ఎత్తులో కనబడాలన్నారు, దానికి అందరం తలలూపాం. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయిన మా మావయ్యని ఆ రెండు ఆదివారాల్లో ఒక్కరం తలుచుకోలేదు. సొంత మేనల్లుణ్ణి, నేనూ తలుచుకోలేదు.

ప్రతిష్ఠ నాడు నలుగురు కుర్రాళ్ళు ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి లోపల కూర్చోబెట్టారు. ఫొటోలు బాగా వచ్చాయి. మూడో వారానికి ఇద్దరే దొరికారు. ఆ తరవాత ఆయన తన మూడు చక్రాల బండిని ఆవరణలో వేపచెట్టు కింద ఆపుకుని మైకులో ప్రసంగం వినడం మొదలుపెట్టారు. బల్ల ఆరాధన రోజున రొట్టె, ద్రాక్షరసం చెట్టు కిందికే వెళ్ళేవి. ఇలా ఆరేళ్ళు. ఎవరైనా అడిగితే మేం చెప్పే మాట ఒకటే: "మా సంఘంలో ఆయన్ని చాలా బాగా చూసుకుంటాం."

చూసుకోవడం మంచి మాటే, అందుకే దాన్ని ఎవరూ ప్రశ్నించరు. మంచం పట్టిన తాతని చూసుకుంటాం, పురిటిబిడ్డని చూసుకుంటాం. మావయ్య మాత్రం ముప్ఫై ఏళ్ళు రైసుమిల్లులో గుమాస్తాగా లెక్కలు రాసిన మనిషి. సాయంత్రం రూపాయి తేడా వస్తే అది దొరికేదాకా ఇంటికి రాని మనిషి. మా సంఘంలో ఏటా గొడవ వచ్చేది లెక్కల దగ్గరే. ఈ రెండు సంగతులూ తెలిసి కూడా ఇన్నేళ్ళలో ఎవరమూ "ఈ పద్దులు కాస్త చూసిపెట్టండి" అని ఆయన్ని అడగలేదు. ప్రార్థన చేయించుకోమని పిలిచాం, దుప్పటి తీసుకోమని పిలిచాం, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని పిలిచాం.

వైకల్యం ఉన్నవాళ్ళని సంఘ జీవితంలో కలుపుకోవడం అనగానే అందరికీ ర్యాంపు గుర్తొస్తుంది. ర్యాంపు కావాలి, దాని లెక్క కూడా చెప్తాను. కానీ ఇక్కడున్నది ఒక్క ముడి కాదు. కట్టడం, చట్టం, వాక్యానికి మనం చెప్పుకునే అర్థం, ఇంట్లో తెలుగు బళ్ళో ఒడియా, కంటికి కనబడని జబ్బులు, అన్నీ ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. ఒక్క పోగు పట్టుకు లాగితే మిగతావి బిగుసుకుంటాయి. మాకు అదే అయింది.

తొమ్మిది మంది, తొమ్మిది మెట్లు

2011 జనాభా లెక్కల ప్రకారం ఒడిశాలో వైకల్యం ఉన్నవాళ్ళు 12.44 లక్షల మంది, నూటికి 2.96. దేశం మొత్తం మీద ఇది 2.21. ఆ లెక్కన మూడొందల మంది ఉన్న సంఘంలో ఇంచుమించు తొమ్మిది మంది ఉండాలి. నిజానికి ఎక్కువే ఉండాలి, ఎందుకంటే ఆ జనగణనలో అడిగింది ఎనిమిది రకాల గురించే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం జాబితాని 21కి పెంచింది. మా సభ్యత్వ రిజిస్టరు తిరగేస్తే మాకు తెలిసినవాళ్ళు ముగ్గురు తేలారు. గృహ ప్రార్థనలకి వెళ్ళినప్పుడు కొన్ని ఇళ్ళలో లోపలి గది తలుపు ఓరగా వేసి ఉంటుంది. మిగతావాళ్ళు ఆ తలుపుల వెనక ఉన్నారు.

చట్టం మాట వస్తే మా పెద్దల్లో ఒకరు "గుడి దేవుడిది, చట్టం సర్కారుది" అన్నారు. ఆ చట్టంలో ప్రజాభవనం అన్నదానికి ఇచ్చిన నిర్వచనం చదివితే ఆ వాదన నిలవదు. కట్టించింది ప్రభుత్వమా, ప్రైవేటువాళ్ళా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. పదిమందీ వచ్చే చోటైతే చాలు. బడి, ఆసుపత్రి, రైల్వే స్టేషనుతో పాటు మతపరమైన పనులకి వాడే కట్టడాలు కూడా ఆ వరసలో ఉన్నాయి. అంటే గుడి, మసీదు, చర్చి అన్నీ. చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. అదే ఏడు జూన్‌లో నియమాలు వచ్చాయి, పాత కట్టడాలు మార్చుకోవడానికి అక్కణ్ణుంచి ఐదేళ్ళు గడువు. అది 2022లోనే దాటిపోయింది. ఆ నియమాలు సలహాల్లా ఉంటే సరిపోదు, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు తయారు చెయ్యమని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో కేంద్రానికి చెప్పింది. చర్చి మీద ఎవరో కేసు వేస్తారని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. మనకి ఉపకారంలా కనబడేది చట్టం దృష్టిలో బాకీ అని చెప్పడానికే.

ఇక ర్యాంపు. మన ఊళ్ళలో ర్యాంపు అంటే రాత్రి మోటారు సైకిలు లోపలికి తోసుకెళ్ళే నిటారు వాలు. దాని మీద చక్రాల కుర్చీని ఎక్కించడం ఎంత కష్టమో దించడం అంతకంటే ప్రమాదం. ప్రమాణం 1కి 12: ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలి. మా మెట్టు ఆరంగుళాలు. తొమ్మిది మెట్లంటే నాలుగున్నర అడుగులు, వాలు 54 అడుగులు. మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునే చదును, పక్కల పట్టుకునే కమ్మీలు, కనీసం నాలుగడుగుల వెడల్పు అదనం. మా ముందు ఆవరణ గేటుదాకా ముప్ఫై అడుగులే. పక్కగోడ వెంట మడత వేసి, ప్రసంగ వేదిక పక్కనున్న తలుపు దగ్గర తేల్చాం. మడత పనికి అయిన ఖర్చు గంట స్తంభానికి పెట్టినంత కూడా కాలేదు. పునాది నాడే ఆలోచించి ఉంటే అందులో సగం కూడా అయ్యేది కాదని మేస్త్రీ అన్నాడు. ఆ మాట నాకే తగలాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అంత కట్టాక ఏమైంది? మావయ్య నాలుగు వారాలు లోపలికి వచ్చారు. బల్లలన్నీ నేలకి బిగించి ఉన్నాయి కాబట్టి బండి ఆపడానికి చోటు చివర్న, చెప్పుల దగ్గర. పక్కన కూర్చునేవాళ్ళు లేరు. ఐదో వారం మళ్ళీ వేపచెట్టు కిందికి వెళ్ళిపోయారు. "లోపలికంటే ఇక్కడ గాలి బాగుందిరా" అన్నారు. ముందు వరసలో రెండు బల్లలు కోయించి మధ్యలో ఖాళీ చేశాకే తిరిగి వచ్చారు. చక్రాల కుర్చీ చోటు చివర్న కాకుండా కుటుంబాల మధ్యలో ఉండాలన్న సంగతి ఏ ఇంజనీరూ మాకు చెప్పలేదు, చెట్టు కింది గాలే చెప్పింది.

మార్కు సువార్తలో నలుగురు ఒక పక్షవాయువు మనిషిని మోసుకొచ్చి, జనం అడ్డుగా ఉంటే ఇంటికప్పు విప్పి లోపలికి దించారు. ఆ ఇంటి యజమాని ఏమన్నాడో మార్కు రాయలేదు. మా కమిటీలోనైతే దానికి ఒక ప్రత్యేక సమావేశం పెట్టేవాళ్ళం.

విశ్వాసం చాల్లేదన్నారు

మావయ్యకి ఇరవై నాలుగేళ్ళప్పుడు ఊళ్ళో మూడు రాత్రులు స్వస్థత కూటాలు జరిగాయి. వచ్చిన బోధకుడు ఎవరన్నది ఇప్పుడు అనవసరం. రెండో రాత్రి ఆయన్ని వేదిక ఎక్కించి, నూనె రాసి, లేచి నడవమన్నారు. లేచారు, పడ్డారు. మళ్ళీ లేవమన్నారు, మళ్ళీ పడ్డారు. మైకు ఇంకొకరి దగ్గరికి వెళ్ళిపోయింది. దించేటప్పుడు ఒకాయన మా అమ్మమ్మ చెవిలో "ఇంట్లో ఎవరికో విశ్వాసం చాల్లేదమ్మా" అన్నాడు. అమ్మమ్మ నలభై రోజులు ఒంటిపూట ఉపవాసం ఉంది. "కాళ్ళు రానందుకు నాకు ఏడుపు రాలేదురా, అమ్మ నా ముందు తప్పు చేసినదానిలా తల దించుకుని తిరిగింది, దానికి వచ్చింది" అని మావయ్య ఎన్నేళ్ళకో నాతో అన్నారు.

సువార్తల్లో స్వస్థతలు ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి చదవమని నేను అనను, నాకా అధికారం లేదు. కానీ స్వస్థత జరగని చోట మనం చెప్పే కారణాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూసుకోవాలి. పుట్టు గుడ్డివాడి విషయంలో పాపం ఎవరిది, ఇతనిదా తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగితే, ఇద్దరిదీ కాదని ప్రభువు అన్నారు. యోహాను తొమ్మిదో అధ్యాయం, సండే స్కూలు పిల్లలకి కూడా తెలుసు. అయినా పక్కింటివాళ్ళు పూర్వజన్మ కర్మ అంటే నవ్వే మనం, అదే సరుకుని వంశశాపం అని పేరు మార్చి దొడ్డిదారిన లోపలికి తెచ్చుకున్నాం. పోలియో ఒక వైరస్ వల్ల వస్తుంది. మలంతో కలుషితమైన నీళ్ళ ద్వారా, చేతుల ద్వారా నోట్లోకి చేరుతుంది. మన దేశంలో సహజ పోలియో వైరస్ ఆఖరి కేసు 2011 జనవరిలో బెంగాల్‌లోని హౌరాలో బయటపడింది, 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరణ వచ్చింది. దాన్ని ఆపింది ఊరూరా వేసిన చుక్కల మందు. మా అమ్మమ్మ పాపం ఏదైనా ఉంటే, మురుగు కలిసిన నీళ్ళు తెలియక తాగించడమే.

బైబిల్లో జాగ్రత్తగా వెతికితే, బాగుపడకుండానే పని చేసినవాళ్ళు చాలామంది కనబడతారు. మోషేకి నోరు తిరగదు, దేవుడు నాలుక సరిచెయ్యలేదు, పక్కన అహరోనుని పెట్టాడు. ఇవాళ్టి భాషలో దాన్నే సహాయకుడు అంటారు. యాకోబు రాత్రంతా పెనుగులాడి ఆశీర్వాదంతో పాటు కుంటు కూడా తెచ్చుకున్నాడు. పౌలు తన ఒంట్లో ముల్లు అని చెప్పుకున్న బాధని తియ్యమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. తిమోతి కడుపునొప్పికి పౌలు ప్రార్థన కూటం పెట్టలేదు, కాస్త ద్రాక్షరసం పుచ్చుకోమన్నాడు. నాకు అందరికంటే దగ్గరైనవాడు సౌలు రాజు మనవడు మెఫీబోషెతు, రెండు కాళ్ళూ కుంటివి. దావీదు అతన్ని రోజూ తన బల్ల దగ్గరే కూర్చోబెట్టుకున్నాడు. ఆ కథ చివరి వాక్యంలో కూడా అతని రెండు కాళ్ళూ కుంటివే అని ఉంటుంది. బల్ల దగ్గర చోటు దొరకడానికి కాళ్ళు రావడం షరతు కాలేదన్నమాట.

ఇబ్బంది పెట్టే వాక్యాలూ ఉన్నాయి, దాచడం ఎందుకు? లేవీయకాండం 21లో అంగలోపం ఉన్న యాజకుడు బలిపీఠం దగ్గరికి రాకూడదు. అక్కడే ఇంకో మాట ఉంది: పవిత్రమైన ఆహారం అతను తినవచ్చు. తినొచ్చు, సేవ చెయ్యకూడదు. ఇప్పటికీ మన సంఘాలు పాటిస్తున్నది సరిగ్గా ఇదే అని నాకు అనిపిస్తుంది. రొట్టె చెట్టు కిందికి వస్తుంది, పని రాదు. కతోలిక సంఘం 1917 నాటి ధర్మసంహితలో దేహలోపం గురువు, అంటే ఫాదరు, కావడానికి అడ్డుగా ఉండేది. 1983లో సంహితని తిరగరాసినప్పుడు ఆ అడ్డు తీసేశారు. మా బాప్టిస్టు సంఘాల్లో అలాంటి రాత నియమం ఎప్పుడూ లేదు. అందుకే తీసెయ్యడానికి కూడా ఏమీ దొరకదు.

ఎంత అర్థమైతే చాలు?

మా సంఘంలో ఇరవై రెండేళ్ళ అమ్మాయి ఉంది, డౌన్ సిండ్రోమ్. పాట మొదలవ్వక ముందే పుస్తకంలో ఏ నెంబరో చెప్పేస్తుంది, మా హార్మోనియం ఆయనకంటే ముందు. తనకీ బాప్తిస్మం కావాలంది. మాది విశ్వసించి ఒప్పుకున్నాకే బాప్తిస్మం ఇచ్చే సంప్రదాయం. ఈ అమ్మాయి ఒప్పుకోలు చెప్పగలదా, అర్థమయ్యే చెప్తోందా అని పెద్దలు రెండు గంటలు మాట్లాడారు. ఇది తేలిగ్గా తీసిపారెయ్యాల్సిన సందేహం కాదు. కోరాపుట్, జయపురం వైపు లూథరన్ సంఘాల్లో పసిబిడ్డకే బాప్తిస్మం ఇస్తారు కాబట్టి అక్కడ ఈ ప్రశ్న అప్పుడు రాదు. పద్నాలుగో పదిహేనో ఏట ప్రశ్నోత్తరి కంఠస్థం చేసి సంఘంలో పూర్తి సభ్యులయ్యే ధ్రువీకరణ తీసుకునే దగ్గర వస్తుంది. ముడి ఒకటే, వేరే వయసులో పడుతుంది.

మా పాస్టరమ్మగారు ఒక మాట అడిగారు: కిందటేడు బాప్తిస్మం తీసుకున్న పదకొండు మందిలో ముగ్గురిలో ఒక్కడే దేవుడనే త్రిత్వం గురించి వివరించగలిగినవాళ్ళు ఎంతమంది? ఎవరూ చెయ్యి ఎత్తలేదు. అపొస్తలుల కార్యాల్లో ఐతియొపీయుడు రథం ఆపించి, నాకు బాప్తిస్మానికి అడ్డమేంటని అడిగాడు. అతను నపుంసకుడు, పాత నిబంధన ప్రకారం సమాజంలోకి రానివ్వని దేహం అతనిది. దారిలో వాక్యం వివరించిన ఫిలిప్పు అతనికి పరీక్ష పెట్టలేదు, నీళ్ళలోకి దిగాడు. ఆ అమ్మాయిని "యేసయ్య ఎవరు?" అని అడిగితే "నాతో ఉంటాడు" అంది. ఎక్కడ అని అడిగితే తన పక్కన బల్ల మీద చెయ్యి వేసి చూపించింది. మా సంఘం అది చాలనుకుంది. పక్క ఊరి సంఘం చాలదనుకోవచ్చు. నా అభిప్రాయం అడిగితే, ఆమె జవాబు నాదానికంటే పొట్టిది, కచ్చితమైనది.

నీళ్ళలో దింపే విషయానికి వస్తే, మూర్ఛ వచ్చేవాళ్ళనైనా కాళ్ళు పట్టు తప్పేవాళ్ళనైనా తొట్టిలో ఇద్దరు పట్టుకోవాలి, ప్లాస్టిక్ కుర్చీ వెయ్యాలి. మహేంద్రతనయలో ఇచ్చేటప్పుడు పాచిరాళ్ళ దగ్గర కాకుండా ఇసుక ఉన్న చోట దిగాలి. అంతకుమించి వేదాంతం ఏమీ లేదు.

వాడు, వారు, ఒడియా, చుక్కలు

తెలుగులో గౌరవం క్రియ చివర్న ఉంటుంది. మా ఊళ్ళో అరవై దాటిన ఏ పెద్దమనిషైనా గుడికి "వచ్చారు". మా మావయ్య ఒక్కరే "వచ్చాడు". పదేళ్ళ పిల్లలు కూడా అలాగే అంటారు. ఇంట్లో నేనూ అలాగే అంటాను కానీ అది మేనల్లుడి చనువు, పిల్లలది అది కాదు. దీనికి సగం కారణం పాత బైబిలు అనువాదపు తెలుగని నా అనుమానం. గ్రుడ్డివాడు, కుంటివాడు, ఊచచెయ్యి గలవాడు, అందరూ "వాడు"లే. గ్రాంథికంలో అది మామూలు ఏకవచనం, తప్పు కాదు. ప్రసంగీకుడు ఆ వాక్యాన్ని వాడుక భాషలోకి దించేటప్పుడు శతాధిపతి "వచ్చారు" అంటాడు, గుడ్డి బర్తిమయి "వచ్చాడు" అంటాడు. ఎవరికి "రు" తగిలించాడో, ఎవరికి తగిలించలేదో వేపచెట్టు కిందికి కూడా మైకులో వినబడుతుంది.

పేర్ల గొడవ నాకు అంత ముఖ్యంగా తోచదు. వికలాంగులు అన్నారు, దివ్యాంగులు అన్నారు, ఆంధ్రలో శాఖకి విభిన్న ప్రతిభావంతులు అని పెట్టారు, ఇక్కడ ఒడియాలో భిన్నక్షమ అంటారు. "పేరు మార్చడానికి సిమెంటు అక్కర్లేదు కదా" అంటారు మావయ్య. క్రియ మారిస్తే చాలు.

ఈ ఊళ్ళో భాష, వైకల్యం అనగానే గిడుగు రామమూర్తి గారు గుర్తుకు రావాలి, ఎందుకో రారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బళ్ళో ఉపాధ్యాయుడిగా చేరి, కొండల్లో తిరిగి సవర భాష నేర్చుకున్నారు. ఆ తిరుగుడులో మలేరియా, దానికి క్వినైను, క్వినైనుతో చెవుడు. జనం నోట్లోని మాట పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా పోరాడిన మనిషికి జనం మాట సరిగ్గా వినబడేది కాదు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. మేం ఉండిపోయాం. మా పిల్లలకి బడి ఒడియాలో, ఇల్లూ గుడీ తెలుగులో. వైకల్యం ఉన్న పిల్లల దగ్గర ఈ రెండు భాషల బతుకు ఎలా తిరగబడుతుందో మాకు ఈమధ్యే తెలిసింది.

ఒక చూపులేని పాప ప్రత్యేక పాఠశాలలో ఒడియా బ్రెయిలీ నేర్చుకుంది. తెలుగు బ్రెయిలీ మళ్ళీ మొదటినుంచి నేర్పాలి కాబోలని అనుకున్నాం. అక్కర్లేదు. 1951 నుంచి మన దేశ భాషలకి భారతీ బ్రెయిలీ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. ఒడియా "క"కీ తెలుగు "క"కీ అవే చుక్కలు. కొద్ది తేడాలు తప్ప అక్షరాలన్నీ శబ్దాన్ని బట్టి ఒకటే. చూపున్న మన పిల్లలకి ఒడియా గుండ్రాలు వేరు, తెలుగు తలకట్లు వేరు, రెండూ నేర్చుకోలేక తెలుగు వదిలేస్తున్నారు. ఆ పాపకి ఆ గోడే లేదు. ఇంట్లో విన్న తెలుగు, బళ్ళో తెలిసిన చుక్కలు, రెండూ కలిపి మొదటి రోజే తెలుగు కీర్తన తడిమి చదివింది. మట్టల ఆదివారం వాక్యపఠనం ఇప్పుడు ఆమెది. బ్రెయిలీలో బైబిలు మొత్తం కావాలంటే పదుల సంపుటాలు, ఒక బీరువా నిండుతుంది. అందుకే కావాల్సిన అధ్యాయం ముందుగా తెప్పించి ఇస్తాం.

వినబడని కుర్రాడి దగ్గర దీనికి తలకిందులుగా పప్పులో కాలేశాం. అతనూ ఒడియా మాధ్యమమే. తెర మీద తెలుగు పాటల కింద అవే తెలుగు మాటల్ని ఒడియా లిపిలో వేస్తే చదువుకుంటాడనుకున్నాం. సండే స్కూల్లో సగం మంది ఎగిరి గంతేశారు, వాళ్ళకి తెలుగు వచ్చు, చదవడం రాదు అంతే. ఆ కుర్రాడు మాత్రం తెరవైపు చూసి తల తిప్పుకున్నాడు. ఎప్పుడూ చెవిన పడని తెలుగు ఏ లిపిలో రాస్తే ఏం? అతనికి లిపి మార్చడం కాదు, భాష మార్చాలి. ఒడియా బైబిలు వాక్యం ఇవ్వాలి, లేదా సైగల్లో చెప్పాలి. సైగలంటే చేతులు ఊపడం కాదు. భారతీయ సంజ్ఞా భాషకి దాని వ్యాకరణం దానికుంది. ఢిల్లీలో 2015లో పెట్టిన జాతీయ పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి పదివేల మాటల నిఘంటువు తెచ్చింది, వీడియోలు ఉచితం. మా యూత్‌లో ఇద్దరమ్మాయిలు నేర్చుకుంటున్నారు. ప్రసంగం మొత్తం ఇంకా చెప్పలేరు. ప్రకటనలు చెప్పగలరు. ఆ కుర్రాడికి పిక్నిక్ ఎప్పుడో మొట్టమొదటిసారి అందరితో పాటే తెలిసింది.

కనబడనివి

ఉపవాస కూటాల గురించి ఒక మాట చెప్పి తీరాలి. 21 వైకల్యాల జాబితాలో సికిల్ సెల్ కూడా ఉంది. గజపతి, రాయగడ, కోరాపుట్ కొండల చుట్టూ ఇది కొత్త పేరేమీ కాదు. ఎర్రరక్త కణాలు కొడవలిలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి, ఎముకల్లో భరించలేని నొప్పి పుడుతుంది. ఆ నొప్పిని రేపేవాటిలో ఒంట్లో నీళ్ళు తగ్గడం, చలి ముందుంటాయి. మన మూడురోజుల ఉపవాస ప్రార్థనలు, డిసెంబరు 31 అర్ధరాత్రి దాకా షామియానా కింద సాగే ఆరాధన ఒకసారి తలుచుకోండి. చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న పద్దెనిమిదేళ్ళ పిల్ల నీళ్ళు తాగితే "ఆత్మీయత లేదు" అనేవాళ్ళం. ఇప్పుడు పాస్టరుగారే ఉపవాసం ప్రకటించేటప్పుడు, మందులు వాడేవాళ్ళూ సికిల్ సెల్ ఉన్నవాళ్ళూ నీళ్ళు, భోజనం మానకూడదని ప్రసంగ వేదిక దగ్గర నిలబడి గట్టిగా చెప్తారు. ఎవరికి ఉందో పేరు చెప్పరు. ఒంటరిగా మినహాయింపు అడిగే అవస్థ తప్పింది.

మానసిక అనారోగ్యం ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ మనం వైద్యుడికి పోటీగా దిగుతాం. మందులు మానేస్తేనే విడుదల అని చెప్పే ప్రార్థనలు సరిహద్దుకి రెండువైపులా జరుగుతున్నాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో ఒక దర్గా పక్క షెడ్డులో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది కదల్లేక కాలిపోయారు. అది దర్గా, మనకేం అనుకోనక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఎవరినీ ఏ రూపంలోనూ గొలుసులు వెయ్యకూడదు. ప్రార్థన ఎంతసేపైనా చెయ్యండి. మాత్ర వేసుకునే వేళకి మంచినీళ్ళు కూడా ఇవ్వండి.

డబ్బు గురించి క్లుప్తంగా. డిసెంబరు 3 అంతర్జాతీయ దినం క్రిస్మస్ సన్నాహాల్లో పడుతుంది కాబట్టి దుప్పట్లు, కుర్చీలు, బ్యానరు ఒకేసారి అయిపోతాయి. ఎక్కడానికి వాలు లేని గుడిలో చక్రాల కుర్చీ పంచిన చరిత్ర మాకుంది. దుప్పటికంటే పనికొచ్చేది ఫారం నింపిపెట్టే మనిషి. సరిహద్దు అవతల పాతపట్నం నుంచి కోడలిగా వచ్చిన ఒకావిడ దగ్గర వైకల్యానికి ఆంధ్రలో ఇచ్చే సదరం ధ్రువపత్రం ఉంది, ఇక్కడి కౌంటర్లో దాన్ని పక్కన పెట్టేశారు. దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు యూడీఐడీకి దరఖాస్తు చేయిస్తే దారి తెరుచుకుంది. దానికి మాకైన ఖర్చు జిరాక్సులు.

పద్దుల పుస్తకం

ఇంత చేశాక కూడా అసలు సంగతి మిగిలే ఉంది. కిందటేడు వార్షిక సమావేశంలో లెక్కల పరిశీలకుడిగా మావయ్య పేరు ఎవరు ప్రతిపాదించారో చెప్తే బాగుండదు, కానీ ప్రతిపాదించింది నేను కాదు. సండే స్కూలు చెప్పే ఒక కుర్ర టీచరమ్మ. కమిటీ గది మేడ మీద, అక్కడికి ర్యాంపు లేదు. అందుకని సమావేశమే కిందికి దిగింది. ఇప్పుడు నెలనెలా పెద్దలందరూ ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని వేపచెట్టు కింద కూర్చుంటున్నాం. గాలి నిజంగానే బాగుంది.

మూడో నెలలో ఆయన రెండు తప్పులు పట్టారు. జెనరేటరు అద్దె రెండుసార్లు రాసి ఉంది. పెయింటు డబ్బాల బిల్లులో కూడిక తప్పింది, ఆ రసీదు మీద సంతకం నాది. కావాలని చేసింది కాదని అందరికీ తెలుసు, ఆయన కూడా అలా అనలేదు. వేలితో ఆ అంకె మీద రెండుసార్లు తట్టి ఊరుకున్నారు. ఒక పెద్దాయన అందరి ముందూ "ఇన్నేళ్ళూ మేం నిన్ను చూసుకుంటే, నువ్విప్పుడు మమ్మల్ని దొంగల్ని చేస్తావా?" అన్నారు. ఆయనా ఇంకొకరూ రెండు నెలలుగా మావయ్యతో మాట్లాడ్డం లేదు. నేనూ ఒక వారం ముఖం చాటేశాను.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక బండి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "పుట్టి బుద్ధెరిగాక ఈ గుళ్ళో నా మీద ఎవరికీ కోపం రాలేదురా" అని కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. మళ్ళీ పెట్టుకుని పేజీ తిప్పారు.

"ఇంతకీ క్రిస్మస్ పెండాలు రసీదు ఏది?"